నల్లరాతి దారి

‘అగ్నిపర్వతం’ అనే మాట ఎంత అందమైనదో అంత మోసకారి. ఆ మాట వినగానే మన కళ్ళ ముందు ఒక శిఖరం నిలుస్తుంది. శిఖరం మీద బిలం, బిలంలో నిప్పు, పైన పొగ. బెంగాలీలు ‘ఆగ్నేయగిరి’ అంటారు, హిందీవారు ‘జ్వాలాముఖి’ అంటారు. ఇంగ్లీషువారి మాట రోమనుల అగ్నిదేవత వల్కన్ పేరునుంచి పుట్టినది. ఏ భాష చూసినా ఒక కొండో, ఒక నోరో, ఒక దేవుడో ఉండి తీరుతాడు. కాని భూమి చరిత్రలో అతి పెద్ద అగ్నిప్రవాహాలు కొన్నింటికి శిఖరం లేదు. నేల మైళ్ళ పొడవున పగిలింది. ఆ పగుళ్ళలోనుంచి కరిగిన రాయి గోదావరి వరదలాగా పొంగి, పల్లమెరిగి ప్రవహించి, చల్లబడి, గట్టిపడింది. కొన్ని వేల సంవత్సరాల తరువాత దాని మీదుగా మరొక వరద. దాని మీద ఇంకొకటి. పొరల మీద పొరలు పేరుకున్న ఆ నేలను లక్షల ఏళ్ళపాటు వానలు కోయగా, అంచులు మెట్లు మెట్లుగా మిగిలాయి. అందుకే భూశాస్త్రజ్ఞులు స్వీడిష్ భాషలో మెట్టు అనే అర్థమున్న ‘ట్రాప్’ అనే మాటను తెచ్చి ఆ రాతికి పెట్టారు. ఇరవై ఏళ్ళుగా అనువాదమే జీవనోపాధిగా ఉన్నదాన్ని కనుక, మాటకూ వస్తువుకూ మధ్య ఉన్న ఇటువంటి దూరాలు నన్ను ఆకర్షిస్తాయి. ఒక్కొక్కసారి ఆ దూరాన్ని వాహనం మీదనే కొలిచి రావాలనిపిస్తుంది.

అటువంటి చల్లారిన అగ్నిసీమ ఒకటి మా షాలిమార్‌కు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. రాజమహల్ కొండలంటారు. తూర్పుగా పారివచ్చిన గంగ ఈ కొండలను చుట్టి దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో, కొండల పాదాల వద్ద, నది వదలిన సరస్సులున్నాయి. గడచిన శీతకాలంలో ఒక పాత మారుతీ ఆమ్ని వ్యానులో ఐదు రోజులపాటు ఒంటరిగా ఆ సీమ చుట్టి వచ్చాను. ఈ మాసం శీర్షికలో దానిని గురించి ముచ్చటించుకుందాం.

షాలిమార్ నుంచి బయలుదేరినవారు

షాలిమార్ పేరు మన తెలుగువారికి రైల్వే స్టేషనుగా పరిచయం. విశాఖ, రాజమండ్రి, విజయవాడల మీదుగా చెన్నై వెళ్ళే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఇక్కడినుంచే బయలుదేరుతున్నది. కలకత్తా నగరానికి ఎదురుగా, హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా అంచున ఉన్న పేట ఇది. గిడ్డంగులూ, గూడ్సు యార్డూ, నదిగాలీ దీని సొత్తు. కొంచెం దక్షిణంగా నడిస్తే శిబ్‌పూర్‌లో ప్రసిద్ధమైన వృక్షశాస్త్ర ఉద్యానవనం. 1787లో రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి సలహాతో ఈస్టిండియా కంపెనీ దానిని స్థాపించింది. 1793లో దాని అధిపతిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటనుంచి వచ్చినవాడు. అక్కడ తోటలు వేసి, కోరమండల్ తీరపు మొక్కలను చిత్రకారుల చేత వ్రాయించి, వాటి తెలుగు పేర్లను తన గ్రంథాలలోనికి ఎక్కించిన పండితుడాయన. ఆయన తరువాత 1814లో ఆ పదవిని కొద్దికాలం నిర్వహించిన ఫ్రాన్సిస్ బుకానన్, అంతకుముందు 1810-11 శీతకాలంలో భాగల్‌పూర్ జిల్లా సర్వే చేస్తూ రాజమహల్ కొండలలో తిరిగాడు. రాళ్ళు, చెట్లు, పంటలు, మనుషులు, వారి మాటలు, అన్నింటినీ దినచర్యలో వ్రాసుకున్నాడు. ఆ దినచర్య 1930లో పాట్నాలో అచ్చయినది.

బుకానన్‌కు వెంట సర్వే పరివారం ఉండేది. నా వెంట ఒక పరుపు, ఒక స్టౌ, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా, స్టెప్నీ చక్రం, టార్చిలైటు ఉన్నాయి. ఒంటరిగా ఎందుకని పొరుగింటి బౌది అడిగింది. నలుగురితో వెళితే చూడవలసిన చోట్లు ముందే నిర్ణయమైపోతాయి. ఒంటరిగా వెళితే దారిలో కనిపించిన రాయి దగ్గర గంటసేపు కూర్చున్నా ఎవరికీ ఆలస్యం కాదు. అంతకుమించి వేదాంతం ఏమీ లేదు. అయితే ఆడవారు ఒంటరిగా వాహనం నడుపుకుంటూ వెళ్ళేటప్పుడు కొన్ని నియమాలు తప్పవు. సూర్యాస్తమయానికి గంట ముందే బస చేరడం, ప్రతి రాత్రీ బసచేసే చోటు ఇంటికి తెలియజేయడం, టాంకు సగానికి దిగకుండానే పెట్రోలు పోయించుకోవడం. వ్యానులో పడుకోవడం పగటి విశ్రాంతికే. రాత్రులు దుమ్కాలోనూ సాహెబ్‌గంజ్‌లోనూ లాడ్జీలలో గడిపాను.

రాయి లేని నేల

కోనా ఎక్స్‌ప్రెస్‌వే దాటి, డాన్‌కుని వద్ద పెద్ద రహదారి ఎక్కి, శక్తిగఢ్‌లో లాంగ్చా మిఠాయి కట్టించుకొని బర్ద్వాన్ చేరేవరకు ఒక విషయం గమనించండి. ఎక్కడా రాయి కనిపించదు. కుడిఎడమల వరిపొలాలు, చెరువులు, ఇటుకబట్టీలు. గంగ, దామోదరం తెచ్చి పోసిన ఒండ్రు తప్ప ఆ నేలలో గట్టిపదార్థం లేదు. దక్షిణ బెంగాల్ పల్లెలో పిల్లవాడికి మామిడికాయ మీద విసరడానికి కావలసినది మట్టిబెడ్డే. కనుకనే ఇక్కడివారు ఇటుకతో గుడులు కట్టారు, ఇటుక నలగగొట్టి రోడ్లు వేశారు. ఈ రహదారి కింద పరచిన ప్రతి నల్లరాయీ ఎక్కడినుంచో రావలసినదే. ఎక్కడినుంచి అన్నది నాలుగు రోజుల తరువాత మరింత బాగా తెలిసింది.

బీర్‌భూమ్ జిల్లా ప్రవేశించగానే నేల ఎర్రబడుతుంది. సూరీ పట్టణానికి చేరువలో బక్రేశ్వర్ ఉన్నది. శివాలయం చుట్టూ ఉష్ణకుండాలు; వాటిలో అగ్నికుండమనే దానిలో నీరు 70 డిగ్రీల చేరువలో సలసలలాడుతుంటుంది. ఇది అగ్నిపర్వతపు వేడి కాదు. భూమి లోతుల్లోని పగుళ్ళలోనికి దిగిన వాననీరు అక్కడ వేడెక్కి పైకి వస్తున్నది. ఆ బుడగలలో హీలియం వాయువున్నదని గుర్తించి శాస్త్రజ్ఞులు దానిని పట్టి నిలువచేసే ప్రయోగశాలను కూడ అక్కడ నెలకొల్పారు. కుండానికి నమస్కరించే భక్తుడూ, వాయువును కొలిచే శాస్త్రజ్ఞుడూ ఒకే గట్టు మీద నిలబడే చోటు అది.

సూరీకి ఉత్తరంగా మహమ్మద్ బజార్ పరిసరాలలో నల్లరాయి మొదటిసారి నేలపైకి వస్తుంది. ఆ ప్రాంతంలోని దేవచా-పాచామీలో భూగర్భంలో బొగ్గున్నది. బొగ్గు నెత్తిన మందమైన బసాల్టు పొరలున్నాయి. ఆ రాతిని తొలగించే పని 2025 ఫిబ్రవరిలో మొదలయింది. అక్కడినుంచి దుమ్కా దారిలో మయూరాక్షి నది మీద మసాంజోర్ జలాశయం వస్తుంది. కెనడా దేశం సాయంతో 1955లో పూర్తయిన ఆనకట్ట కనుక దానిని ఇప్పటికీ ‘కెనడా డ్యామ్’ అనేవారున్నారు. గుట్టల నడుమ నిశ్చలంగా ఉన్న ఆ నీటి పక్కన వ్యాను ఆపి, అన్నం వండుకొని తిని, గంట నిద్రపోయాను. ఆ రోజు మజిలీ దుమ్కా.

మెట్లు కనిపించిన చోటు

రెండవనాడు దుమ్కానుంచి ఉత్తరంగా సాహెబ్‌గంజ్ రోడ్డు పట్టాను. గోపీకాందర్, అమ్రాపారా, లిట్టీపారా, బర్హేట్. అమ్రాపారా చుట్టుపక్కల బొగ్గు టిప్పర్లు దారి నింపేస్తాయి. అవి తప్పుకున్న తరువాత, కుడివైపు కొండ మీద ఎండ ఏటవాలుగా పడినపుడు, మెట్లు కనిపించాయి. ఒక నిట్టనిలువు నల్లగోడ, దానిపైన పొదలు పెరిగిన చదును, మళ్ళీ గోడ, మళ్ళీ చదును. ఒక్కొక్క గోడా ఒక్కొక్క అగ్నివరద. చదునుగా కనిపించేది రెండు వరదల నడుమ భూమి పొందిన విశ్రాంతి.

ఈ రాతి వయస్సు సుమారు 11 కోట్ల 80 లక్షల సంవత్సరాలు. అప్పటికి హిమాలయాలు లేవు, గంగ లేదు. భారత ఖండం ఇంకా దక్షిణార్ధగోళంలో, అంటార్కిటికానుంచీ ఆస్ట్రేలియానుంచీ విడివడుతున్నది. హిందూమహాసముద్రపు దక్షిణ కొసన ఇప్పుడు కెర్గెలెన్ దీవులున్న చోటి అగ్నికేంద్రమే ఈ ప్రవాహాలకు మూలమని పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మేఘాలయలోని సిల్హెట్ ట్రాప్ రాయీ ఈ వయస్సుదే. రెంటికీ మధ్య బెంగాల్ మైదానపు ఒండ్రు కింద, చమురు కోసం తవ్విన లోతైన బావులలో ఇదే రాయి తగిలింది. నిన్నటిరోజు నేను ‘రాయి లేని నేల’ అనుకుంటూ దాటివచ్చిన మైదానం చాలా మేరకు ఈ చల్లారిన నిప్పు మీదనే పరుచుకొని ఉన్నదన్నమాట.

ఈ కొండల పాతకాపులు పహాడియాలు. వారిలో సౌరియా శాఖవారి భాష మాల్టో. ఆ మాట చదివి ముందుకు సాగిపోకండి. అది ద్రావిడ భాష. మనకు ఎంత దూరపుదైనా జ్ఞాతి. జర్మన్ మిషనరీ డ్రోజె 1884లో దానికి వ్యాకరణం వ్రాశాడు. లిట్టీపారా దాటిన తరువాత ఒక సంతలో, చీపుళ్ళు అమ్ముకుంటున్న ముసలమ్మ దగ్గర కూర్చొని, వచ్చీరాని హిందీలో మాట కలిపాను. నా కన్ను చూపించి, మీ మాటలో దీన్నేమంటారు నానీ, అని అడిగాను. గొంతు లోతునుంచి పలికే కకారంతో ‘కను’ అన్నది. పన్ను చూపించాను. ‘పలు’ అని నవ్వింది. ఆమెకు ఉన్నవి రెండు మూడే. గుండెల మీద చెయ్యి పెట్టుకొని ‘నేను’ అనడానికి ఏమంటారన్నాను. ‘ఏన్’ అన్నది.

మన ప్రాచీన కావ్యాలు చదివినవారికి ‘ఏను’ అనే రూపం తెలియనిది కాదు. ‘నేను’ స్థిరపడకముందు తెలుగు కవి తనను తాను చెప్పుకున్న మాట అది. తరగతి గదిలో ఫుట్‌నోటుగా నేర్చుకున్న ఆ సర్వనామం, వెయ్యి కిలోమీటర్ల అవతల, చీపుళ్ళ కట్టల మధ్య, సజీవంగా వినిపించింది. ‘మీదేఊరు బిడ్డా’ అని ఆమె హిందీలో అడిగింది. చెప్పాను. తెలుగు అనే మాట ఆమె వినలేదు. నాలుగు చీపుళ్ళు కొన్నాను; ఒకటి ఊరికే ఇచ్చింది.

బర్హేట్ సమీపంలో భోగ్‌నాడీ గ్రామం ఉన్నది. 1855 జూన్ 30న సిదో, కానో అనే అన్నదమ్ముల నాయకత్వంలో సంతాలులు వేల సంఖ్యలో అక్కడ కూడి వడ్డీవ్యాపారుల మీద, జమీందారుల మీద, కంపెనీ ప్రభుత్వం మీద తిరుగుబాటు ప్రకటించారు. అడవి నరికి పొలం చేసినవారికి ఆ పొలం దక్కకపోవడమే వారి మొర. ఈ కొండలలో నేల ఎవరిది అన్న ప్రశ్న అప్పటినుంచీ తెగలేదు.

రెండు నిప్పుల నడుమ సరస్సు

మూడవనాడు సాహెబ్‌గంజ్ నుంచి మండ్రో వెళ్ళాను. 2022లో అక్కడ శిలాజ ఉద్యానవనం తెరిచారు. అంతకుముందే భారత భూగర్భ సర్వే సంస్థ మండ్రో పరిసరాలలోని శిలాజ పొరలను జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల జాబితాలో చేర్చింది. మనిషి నడుమంత లావైన మానులు రాళ్ళై పడి ఉన్నాయి. బెరడు గీతలు, కొమ్మ ఊడిన బుడిపె కూడ చెక్కుచెదరలేదు. చేత్తో తాకితే చల్లగా ఇనుములాగా ఉంటుంది. కంటికి మాత్రం నిన్న మొన్న నరికిన దుంగ.

ఇది ఎలా జరిగిందో తెలుసుకుంటే ఆ ‘మెట్ల’ నడుమనున్న చదునుల అర్థం బోధపడుతుంది. ఒక అగ్నివరద చల్లారిన తరువాత మరొకటి రావడానికి ఎంతో కాలం పట్టేది. ఆ వ్యవధిలో నల్లరాతి పల్లాలలో వాననీరు నిలిచి సరస్సులయ్యేవి. ఒడ్డున మట్టి చేరేది. ఫెర్నులు, ఈతచెట్లను పోలిన సైకాడ్ జాతులు, సూచిపర్ణ వృక్షాలు అడవులయ్యేవి. పూలమొక్కలు ఈ అడవులలోనికి ఇంకా అడుగుపెట్టలేదు. తరువాత మళ్ళీ నేల పగిలి, నిప్పు ఆ సరస్సునూ అడవినీ కప్పివేసేది. బురదలో కూరుకున్న చెట్ల కణకణంలోనికి సిలికా చేరి వాటిని రాయి చేసింది. అగ్నిపర్వత సీమలోని ఈ సరస్సులు ఇప్పుడు నీరు లేనివి. కాని వాటి అడుగున వ్రాసినదంతా అలాగే ఉన్నది.

ఆ వ్రాతను చదివినవారిలో అగ్రగణ్యుడు ఆచార్య బీర్బల్ సాహ్ని. 1932లో ఆయన రాజమహల్ శిలాజాలనుంచి ‘విలియమ్సోనియా సెవార్డియానా’ అనే అంతరించిన మొక్కను కాండం, ఆకులు, పుష్పాన్ని పోలిన భాగాలతో సహా పునర్నిర్మించి చూపాడు. ఈ కొండల్లోనే నిపానియా అనే పల్లె దగ్గరి రాళ్ళనుంచి 1948లో ‘పెంటాక్సిలే’ అనే కొత్త వృక్షవర్గాన్నే ప్రతిపాదించాడు. 1949 ఏప్రిల్ 3న లక్నోలో ఆయన కలలుగన్న పరిశోధన సంస్థకు నెహ్రూ పునాదిరాయి వేశారు. ఆ పునాదిరాయిని సాహ్ని స్వయంగా శిలాజాలు పొదిగి తయారుచేయించాడు. వారం రోజులకే, ఏప్రిల్ 10న, ఆయన కన్నుమూశాడు.

నాలుగవనాడు గంగ వెంట దిగువకు వచ్చాను. మహారాజ్‌పూర్ దగ్గర మోతీఝర్నా జలపాతం బసాల్టు మెట్ల మీదనుంచి అంచెలుగా దూకుతుంది. ‘ట్రాప్’ అనే మాటకు అంతకంటె మంచి బొమ్మ నిఘంటువులలో ఉండదు. రాజమహల్ పట్టణం ఇప్పుడు చిన్నది. 1592లో మాన్‌సింగ్ దీనిని బెంగాల్ రాజధాని చేశాడు. తరువాత షాజహాను కొడుకు షా షుజా ఇక్కడినుంచి పాలించాడు. నది వైపు తెరుచుకునే ‘సంగీదాలాన్’ మండపంలో నల్లరాతి పని ఇంకా మిగిలి ఉన్నది.

రాజమహల్‌కు దక్షిణంగా ఉధ్వా సరస్సులు. పటౌరా, బర్హేల్ అని రెండు. కలిపి సుమారు 565 హెక్టార్లు. శ్రీకృష్ణుని సఖుడు ఉద్ధవుడు ఇక్కడ తపస్సు చేశాడనీ, ఆయన పేరే ఊరికి వచ్చిందనీ స్థానికుల నమ్మకం. 1763లో మీర్ కాసిం సేనను ఇంగ్లీషువారు ఓడించిన ఉధువానాలా ఇదే; వరదకాలంలో గంగనీరు ఈ వాగు ద్వారానే సరస్సులలోనికి వస్తుంది. 1991లో పక్షి సంరక్షణ కేంద్రమయింది. 2025లో రామ్‌సర్ జాబితాలో చేరి, జార్ఖండ్‌కు ఆ గౌరవం తెచ్చిన మొదటి చిత్తడినేల అయింది.

తెల్లవారుజామున మంచు ఇంకా విడవలేదు. గుర్రపుడెక్క పరచుకున్న నీటిమీద వేలకొలది బాతులు ఒక్కసారిగా లేచినపుడు ఆ చప్పుడు దూరంగా రైలు వంతెన దాటుతున్నట్టున్నది. ఒక జాలరి దోనె నిలిపి, ఈ సంవత్సరం పక్షులు బాగానే వచ్చాయని చెప్పాడు. వ్యాను వెనుక తలుపు ఎత్తి, టీ కాచి, ఆయనకొక గ్లాసు ఇచ్చాను. ఇద్దరం మాట్లాడకుండా చాలాసేపు చూస్తూ కూర్చున్నాము. ఈ ప్రయాణంలో నేను ఒంటరినన్న సంగతి పూర్తిగా మరచిన సమయం అదే.

కొండ ఎక్కడికి వెళ్ళింది

తిరుగుదారిలో బర్హర్వా దాటి పాకుడ్ వచ్చాను. అంతవరకు పొడిపొడిగా కనిపించిన క్రషర్లు అక్కడ వరుసలు కట్టాయి. నాలుగు రోజులుగా నేను ‘మెట్లు’ అంటూ మురిసిన రాయే ఒకవైపు పేలుడు మందుతో కూలుతున్నది, మరొకవైపు ఇనుప దవడలలో నలుగుతున్నది. చెట్ల ఆకులు బూడిదరంగు. పట్టపగలే లారీలు దీపాలు వేసుకొని తిరుగుతున్నాయి. యంత్రాన్ని రేకులతో కప్పి ఉంచాలి, నీళ్ళు చల్లుతూ ఉండాలి అన్న నియమాలున్నాయి. కప్పులున్న క్రషర్లు కొన్ని చూశాను. లేనివే ఎక్కువ చూశాను. ఈ జిల్లాలలో అనుమతి లేని తవ్వకాల మీద కేసులూ దర్యాప్తులూ కొత్త కాదు. 2022లో సాహెబ్‌గంజ్ పేరు దేశమంతటా పత్రికలకెక్కింది.

ఒక చక్రం గాలి దిగిపోవడంతో రోడ్డు పక్కన ఆగవలసివచ్చింది. ముక్కుకు తువ్వాలు కట్టుకున్న ఒక యువకుడు క్రషర్ దగ్గరనుంచి వచ్చి, అడగకుండానే జాకీ అందుకున్నాడు. స్టెప్నీ బిగిస్తూ ఏ ఊరినుంచని అడిగాడు. షాలిమార్ అన్నాను.

‘‘షాలిమార్‌కా! కంకర రేకులు ఎన్నో అటువైపు వెళతాయి దీదీ. మీ వైపు కొండలు లేవా?’’

‘‘లేవు. మట్టి తప్ప ఏమీ లేదు.’’

‘‘అయితే సరే. మాకు ఉన్నాయి కదా’’ అని, కాసేపు ఆగి, ‘‘మా తాత ఆవులు మేపిన కొండ అదిగో, అక్కడ ఉండేది’’ అని వేలు చూపించాడు. వేలు చూపిన చోట ఆకాశమున్నది. దాని కింద ఆకుపచ్చని నీరు నిలిచిన లోతైన గొయ్యి.

అతని మాటలో నిష్ఠూరం లేదు. క్రషర్ మూసేస్తే రేపటి కూలి లేదని అతనే చెప్పాడు. కొండ ఉంటే బాగుండునని కూడ అతనే చెప్పాడు. ఈ రెండింటిలో దేనినీ కాదనే అర్హత, ఆ కంకర మీదుగానే అక్కడికి వచ్చిన నాకు లేదు.

రైల్వే ఇంజనీర్ల లెక్క ప్రకారం ఒక కిలోమీటరు బ్రాడ్‌గేజి మార్గానికి సుమారు రెండువేల ఘనపు మీటర్ల కంకర కావాలి. గట్టిది, త్వరగా అరగనిది, మొనలు తేలినది కావాలి. ఆ గుణాలన్నీ ఈ నల్లరాతిలో ఉన్నాయి. అందుకే తరతరాలుగా పాకుడ్ రాయి తూర్పు భారతపు రైలుకట్టల మీదికీ, రోడ్ల మీదికీ, వంతెనల కాంక్రీటులోనికీ చేరుతున్నది. రాయి లేని దేశానికి రాయి కావలసిందే. కాని తారుకూ, సిమెంటుకూ, కూలికీ, రవాణాకూ లెక్క వ్రాసే మన అంచనా పత్రాలలో కొండకు మాత్రం ధర లేదు. తవ్విన ఖర్చే దాని ధర. పదకొండు కోట్ల సంవత్సరాలు పట్టిన వస్తువుకు ఈ లెక్క చాలా చవక. చవకైన వస్తువును మనం పొదుపుగా వాడము. పాత కట్టడాలు కూల్చిన శిథిలాలను తిరిగి నలగగొట్టి రోడ్ల అడుగుపొరకు వాడవచ్చునని ఇంజనీర్లకు తెలుసు. కొత్త రాయి చవకగా దొరికినంతకాలం ఆ తెలివి కాగితం మీదనే ఉంటుంది.

మన ఇంట్లో ఉన్న మెట్టు

ఇది ఎక్కడో జార్ఖండ్ కథ అనుకోనవసరం లేదు. పశ్చిమ కనుమల వైపు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట పొంగిన దక్కన్ అగ్నిప్రవాహాలలో కొన్ని, ప్రాచీన నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి, మన రాజమండ్రి వరకు వచ్చాయని 2008లో కొందరు భూశాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. భూమి మీద ఇంత దూరం నడిచిన లావా మరొకటి లేదేమోనని వారి అంచనా. గోదావరికి ఈవల కాతేరు, ఆవల పంగిడి, గౌరీపట్నం క్వారీలలో ఆ నల్లరాయి చూడవచ్చు. రెండు లావా పొరల నడుమ సున్నపురాతి పట్టీ ఉన్నది. దానిలో అలనాటి నాచులు, గవ్వలు, సూక్ష్మజీవుల పెంకులు చిక్కుకున్నాయి. రాక్షసిబల్లులు అంతరించిన యుగసంధిని కొందరు పరిశోధకులు ఆ పట్టీలోనే గుర్తించారు. మండ్రోలో అడవి రాయి అయితే, ఇక్కడ ఒక సముద్రపు అంచు రాయి అయింది.

కర్నూలు వైపు జ్వాలాపురంలో మరొక విచిత్రం. 74,000 సంవత్సరాల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలి, ఆ పేలిన గొయ్యి ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడవైన సరస్సయింది. ఆనాటి బూడిద సముద్రం దాటివచ్చి జ్వాలాపురం లోయలో పొరగా పడింది. దానికి పైనా కిందా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. ఆ ఊరికి ఆ పేరు పెట్టినవారికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. ఆ తెల్లని బూడిదనూ మనవారు పాత్రలు తోమే పొడికోసం తవ్వి అమ్ముకున్నారు.

పంగిడి క్వారీలను మూసివేయమని నేననను. గోదావరి జిల్లాలకూ ఇళ్ళు కావాలి, గట్లు కావాలి. కాని కాతేరులోనో పంగిడిలోనో, లావా మీద సున్నపురాయి, దాని మీద మళ్ళీ లావా స్పష్టంగా కనిపించే గోడ ఒక్కటి, యాభై అడుగుల మేర చాలు, తవ్వకుండా విడిచిపెట్టడం అసాధ్యమైన కోరిక కాదు. బడిపిల్లలను ఒక బస్సులో తీసుకువెళ్ళి, ఇది నిప్పు, ఇది నీరు, ఇది మళ్ళీ నిప్పు అని వేలు పెట్టి చూపించడానికి అంత గోడ సరిపోతుంది. మండ్రోలో ఆ పని జరిగింది. రాజమండ్రి ఇంజనీర్లూ, కళాశాలల అధ్యాపకులూ, క్వారీ యజమానులూ ఒక మధ్యాహ్నం కలిసి కూర్చుంటే మన దగ్గరా జరుగుతుంది. వేలు చూపిన చోట ఆకాశం మాత్రమే మిగలకముందే ఆ మధ్యాహ్నం రావాలి.